పారబోసిన మందు

ఆవిడ పోయారన్న సంగతి నాకు స్కూల్లో, ఏడో తరగతి పిల్లలకి భిన్నాలు చెబుతుండగా తెలిసింది. క్లాసులో ఉన్నప్పుడు నేను ఫోన్ తియ్యను. వరసగా మూడుసార్లు మోగేసరికి వరండాలోకి వెళ్ళి తీశాను. మా ఆవిడ.

"మస్కట్ అక్కగారు పోయేరంటండి. తెల్లారగట్ల గుండెపోటంట," అంది.

క్లాసులోకి తిరిగొచ్చాక, బోర్డు మీద సగంలో ఆపిన లెక్క ఎక్కడిదాకా చెప్పానో గుర్తు రాలేదు.

మస్కట్ అక్కగారంటే మా వీధి చివర మందుల షాపావిడ. అసలు పేరు షాపు లైసెన్సు మీద ఉండేది గానీ ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. మాది అంబాజీపేట దగ్గర ఊరు. మా వైపు నుంచి గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. తిరిగొచ్చాక ఇల్లు కట్టుకుంటారు, వీలైతే కాస్త కొబ్బరితోట కొనుక్కుంటారు. ఈవిడ మాత్రం మస్కట్‌లో ఒక పెద్దాసుపత్రి మందుల గోడౌన్లో పదేళ్ళ పైచిలుకు పనిచేసి వచ్చి, పదడుగుల గది అద్దెకు తీసుకుని మందుల షాపు పెట్టారు. పెళ్ళికి ముందే కాకినాడలో ఫార్మసీ చదువుకున్నారట.

ఆ షాపులో మందు కొనడం అంత తేలికైన పని కాదు. జ్వరం బిళ్ళ అడిగితే ఎవరికి అనేవారు. పిల్లాడికి అంటే బరువెంత అనేవారు. బరువు తెలీదంటే పక్కనున్న మిషను మీద వాడిని నిలబెట్టేవారు. అర అట్ట బిళ్ళలు అడిగితే కత్తెర తీసుకుని, అట్టను రెండు వైపులా తిప్పి చూసి, గడువు తేదీ ఉన్న ముక్క తన దగ్గరే మిగిలేలా కత్తిరించేవారు. "ఇది చివరాఖరికి కొన్నవాళ్ళకి వెళ్ళాలండి, లేకపోతే నా దగ్గరున్నది ఎప్పటిదో నాకే తెలీదు," అనేవారు.

ఫ్రిజ్ దగ్గర ఆవిడ ఇంకో మనిషి. ముందు తెల్ల తువ్వాలుతో చేతులు తుడుచుకునేవారు. ఏం తియ్యాలో, ఏ అరలో ఉందో నోట్లో ఒకసారి అనుకుని అప్పుడు తలుపు తెరిచేవారు. తెరిచి ఉన్నంతసేపూ పెదాలు కదులుతుండేవి. మొదట్లో ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నాను. తర్వాత తెలిసింది, ఒకటీ రెండూ లెక్కపెట్టుకుంటున్నారని. ఎనిమిది లోపు తలుపు మూసెయ్యాలి. ఆ మధ్యలో ఎవరైనా, అదొద్దండి ఇంకోటివ్వండి అంటే, ముందు తలుపు మూసి అప్పుడు వాళ్ళకేసి చూసేవారు.

"అక్కడ ఒక్క డిగ్రీ మారితే గోడకి అలారం మోగేదండి. ఇక్కడ ఫ్రిజ్ చచ్చిపోయినా మనకి చెప్పేవాళ్ళు లేరు," అనేవారు.

అందుకని ఆవిడే ఒక మనిషిని పెట్టుకున్నట్టు ఒక డబ్బా తెప్పించారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, తెల్లది. ఫ్రిజ్‌లో పడి ఉండేది. లోపల చల్లదనం ఎంతుందో గంట గంటకీ రాసుకుంటుంది, హద్దు దాటితే ఆవిడ ఫోన్‌కి కబురు పంపుతుంది. ఆ డబ్బాతోపాటు ఒక లాప్‌టాప్, అందులో బిల్లులేసే సాఫ్ట్‌వేర్. ఎవరు ఏ మందు ఎప్పుడు కొన్నారో అది గుర్తుపెట్టుకుని, అయిపోయే ముందు వాళ్ళ ఫోన్‌కి మెసేజ్ పెట్టేది. ఊరు ఊరంతా నవ్వింది. ఫ్రిజ్‌కి థర్మామీటరు పెట్టేరంట అని టీకొట్టు దగ్గర చెప్పుకుని నవ్వేవారు. నేనూ నవ్వాను.

అందరికంటే చిరాకు పడింది వాళ్ళాయన. కొబ్బరికాయల లోడు వేసుకుని ఉత్తరాది రాష్ట్రాలన్నీ తిరిగిన లారీ డ్రైవరు. మోకాళ్ళు అరిగి బండి దిగిపోయాక, షాపులో స్టూలు మీద పేపరు చదువుతూ కూర్చునేవాడు. సరిగ్గా అప్పుడే సెంటర్లో అద్దాల తలుపులతో, ఏసీతో కొత్త మందుల షాపు తెరిచారు. అన్నిటి మీదా తగ్గింపు. మా వీధివాళ్ళు కూడా అటే వెళ్ళడం మొదలుపెట్టారు.

"ఆ డబ్బాలకీ కంప్యూటర్లకీ పెట్టింది ఓ రెండు అద్దాలకి పెట్టుంటే నలుగురు మొహం చూసేవోరు," అనేవాడాయన, పేపరు లోంచి తలెత్తకుండా.

"మందు మొహం చూసుకోడానికి కాదు కదండీ," అనేవారావిడ. అంతకంటే వాదించేవారు కాదు.

మేము ఆ షాపు మానకపోవడానికి కారణం మా పాప. దానికి ఆరో ఏట షుగర్ అని తేలింది, పిల్లలకొచ్చే రకం. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ పడాల్సిందే, లేకపోతే బతకదు. ఎలా వెయ్యాలో డాక్టరు గారు ఐదు నిమిషాల్లో చెప్పి పంపేస్తే, మా ఆవిడకి సూది పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది ఈవిడే. నాలుగు రోజులు సాయంత్రం పూట ఇంటికి వచ్చి, తన చేతి మీద సెలైన్ నీళ్ళతో సూది వేయించుకుని మరీ నేర్పారు.

పాపకి తొమ్మిదేళ్ళప్పుడు ఆ తుఫాను వచ్చింది.

మధ్యాహ్నం గాలి మొదలైంది. చీకటి పడేసరికి స్తంభాలు విరిగాయి, ఊళ్ళో కరెంటు పోయింది. మర్నాడంతా వాన. ఆ సాయంత్రం కొవ్వొత్తి వెలుగులో పాపకి ఇంజెక్షన్ వేసి, సీసా తిరిగి పెట్టబోతుంటే మా ఆవిడ చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. చిన్న చప్పుడు, అంతే. ఇంట్లో ఉన్నది అదొక్కటే సీసా.

నిజానికి రెండోది ఉండాలి. నాలుగు రోజుల ముందే ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, పాప మందు తీసుకెళ్ళమని. చూశాను. రేపు వెళ్దామనుకున్నాను. ఆ మర్నాడు కూడా రేపనే అనుకున్నాను. ఈ మాట ఇన్నాళ్ళూ మా ఆవిడకి కూడా చెప్పలేదు.

తెల్లారి ఏడింటికల్లా షాపు దగ్గరున్నాను. షట్టర్ సగం ఎత్తి ఉంది. రాత్రి నాలుగైదు గంటలు కరెంటు వచ్చి మళ్ళీ పోయిందట. లోపల చీకటిగా ఉంది. ఆవిడ బల్ల ముందు నిలబడి లాప్‌టాప్ కేసి చూస్తున్నారు. ఎదురుగా ఇన్సులిన్ సీసాలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అక్కగారూ, పాప సీసా పగిలిపోయిందండి. పొద్దుటి డోసు ఇంకా వెయ్యలేదు," అన్నాను, ఒక సీసా అందుకోబోతూ.

ఆవిడ నా చేతికీ సీసాలకీ మధ్య తన చెయ్యి పెట్టారు.

"వద్దండి మాస్టారు. ఇవి పాడైపోయేయి."

సీసా కేసి చూశాను. మందు మామూలుగానే ఉంది. సీలు ఉంది. చల్లగా కూడా ఉంది. ఆవిడ లాప్‌టాప్ నావైపు తిప్పారు. ఒక గీత అడ్డంగా వచ్చి, ఒకచోట గోతిలో పడ్డట్టు కిందికి దిగిపోయి, మళ్ళీ పైకి లేచింది.

"రాత్రి కరెంటు వచ్చినప్పుడు ఓల్టేజీ కొట్టేసినట్టుందండి. ఫ్రిజ్ ఆగకుండా తిరిగేసింది. సున్నా కిందికి వెళ్ళిపోయింది. మందు గడ్డకట్టి మళ్ళీ కరిగింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు, కబురు నాకు పొద్దున్న గానీ చేరలేదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచెయ్యదండి. చూడ్డానికి తేడా తెలీదు."

"బాగానే ఉంది కదండీ."

"ఉన్నట్టుంటాదండి."

"ఒక్క డోసు. పూర్తిగా కాకపోయినా సగమన్నా పనిచెయ్యదా?"

"ఎంత పనిచేస్తాదో ఎవరూ చెప్పలేరండి. మీరు వేసేననుకుని ధైర్యంగా కూర్చుంటారు. లోపల పాపకి పెరిగిపోతా ఉంటాది."

స్టూలు మీంచి వాళ్ళాయన లేచాడు. "ఇచ్చెయ్యి. పసిపిల్ల. ఆయన తీసుకెళ్తానంటున్నారు కదా, నీదేం పోయింది?"

అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది. కానీ రాయకపోతే ఆవిడ ఎలాంటి మనిషో మీకు తెలియదు. అరిచాను. "మీ బొమ్మ డబ్బా చెప్పిందని నా పిల్లని చంపుతారా? మస్కట్‌లో నేర్చుకొచ్చింది ఇదేనా? మీకు పిల్లలుంటే తెలిసేది," అన్నాను.

వాళ్ళకి పిల్లల్లేరు.

ఆవిడ నాకేసి చూడలేదు. ఒక సీసా తీసుకున్నారు. కత్తెర మొనతో మూత ఊడగొట్టి, కింద బకెట్లోకి వంచేశారు. రెండోది తీసుకున్నారు. మూడోది. వాళ్ళాయన "ఏంటే అది, ఏంటే" అంటూ చెయ్యి పట్టుకోబోతే భుజంతో పక్కకి నెట్టారు. మేమిద్దరం చూస్తుండగా అన్నీ ఒక్కొక్కటే పారబోసేశారు. ఇన్సులిన్‌కి ఒక వాసన ఉంటుంది, ఆసుపత్రి వాసనలాంటిది. గది అంతా అదే నిండిపోయింది.

ఖాళీ సీసాలు పక్కకి తోసి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు.

"ఇంక దీని సంగతి అయిపోయిందండి. పాపకి ఎక్కడుందో చూద్దాం," అన్నారు.

నేను సెంటర్‌కి పరిగెత్తాను. అద్దాల షాపులో ఆ రకం అసలు పెట్టరట, ఆర్డరిస్తే మూడు రోజులు పడుతుందన్నారు. అమలాపురం రోడ్డు మీద కాలువ గట్టు తెగి నడుము లోతు నీళ్ళు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే, చెట్లు తీసేదాకా అటు రాలేమన్నారు. తిరిగి ఆవిడ దగ్గరికే వచ్చాను. వేరే దారి లేదు.

ఆవిడ అప్పటికే లాప్‌టాప్‌లో ఒక లిస్టు తీసి పెట్టుకున్నారు. పదిహేను రోజుల్లో అదే రకం ఇన్సులిన్ కొన్నవాళ్ళు ఏడుగురు. ఒక్కొక్కరికీ స్పీకర్ పెట్టి ఫోన్ చేస్తున్నారు. ముగ్గురికి మోగనే లేదు. ఇద్దరి దగ్గర వాడుతున్న సీసా తప్ప ఇంకోటి లేదు. ఆరో ఆయన ఉందన్నాడు. నేను బండి తాళం తీశాను.

"ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టేరండి?" అని అడిగారావిడ.

"పైనండి, ఐసు గడ్డలుండే డబ్బాలో. చల్లగా ఉంటాదని."

"ఆయ్. అది వాడకండి బాబుగారూ. నేను రేపు వచ్చి మాట్లాడతాను," అని పెట్టేశారు.

నాకు అరవడానికి కూడా ఓపిక లేదు. మిగిలింది ఒక్క పేరు. ముక్తేశ్వరం అవతల గోదావరి గట్టు దగ్గరుండే ఒక పెద్దావిడ. నాలుగోసారికి ఫోన్ కలిసింది. ఉందండి, రెండున్నాయి అందావిడ.

పది పన్నెండు కిలోమీటర్లు మామూలుగా అరగంట దారి. ఆ రోజు మూడు గంటలు పట్టింది, పోవడానికి. నా బండి వెనక ఆవిడ కూర్చున్నారు, ఒళ్ళో మందు పెట్టి తేవడానికి చల్లటి నీళ్ళ ఫ్లాస్కు. కొబ్బరికాయల లారీలు రోడ్డు పొడుగునా ఆగిపోయి ఉన్నాయి. పడిన చెట్టు అడ్డొచ్చినప్పుడల్లా దిగి, లారీల వాళ్ళ సాయంతో బండి పైకెత్తి అవతల పెట్టుకునేవాళ్ళం. ఒకచోట కరెంటు తీగ రోడ్డుకి అడ్డంగా, నీళ్ళలో పడి ఉంది. ఇవతల ఇరవైమంది నిలబడి ఉన్నారు. లైను ఆఫ్‌లో ఉందని ఒకరు, రాత్రి వచ్చింది కదా మళ్ళీ ఎప్పుడొస్తుందో అని ఇంకొకరు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, పక్కనున్న కొబ్బరితోటలోకి దిగారు. మోకాలి లోతు బురద. బండి అక్కడే వదిలేసి నేనూ వెనక దిగాను. అవతలి రోడ్డెక్కాక ఆటోలో పాల క్యాన్లు వేసుకెళ్తున్న ఒకతను ఇద్దరినీ ఎక్కించుకున్నాడు.

దారిలో మా ఆవిడ ఫోన్ చేసింది. పాపకి వాంతి అయ్యిందట, షుగర్ చూసే మిషను నాలుగువందల పైన చూపిస్తోందట. ఫోన్ వెనకున్న అక్కగారికిచ్చాను. "నీళ్ళు తాగిస్తా ఉండమ్మా. కొంచెం కొంచెం. పడుకోబెట్టేసి వదిలెయ్యకు, మాట్లాడిస్తా ఉండు," అన్నారు. గొంతు షాపులో ఉన్నట్టే ఉంది.

పెద్దావిడ ఇల్లు చిన్న పెంకుటిల్లు. ఫ్రిజ్ లేదు. పెద్దావిడ మమ్మల్ని చూరు కింద నీడలోకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక పెద్ద కుండ, అందులో తడి ఇసుక, ఇసుకలో ఇంకో చిన్న కుండ, దాని మీద తడిగుడ్డ. అందులో ఉన్నాయి రెండు సీసాలు.

"అక్కగారు చెప్పినట్టే పెట్టేనండి. పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లుతా ఉన్నాను," అంది.

మస్కట్ అక్కగారు కొంగు ముడిలోంచి చిన్న థర్మామీటరు తీసి కుండలోకి దించారు. కాసేపాగి చూశారు.

"ఇరవై అయిదు. చాలండి. నెల లోపు ఏమీ అవ్వదు." సీసాను వెలుతురుకి ఎత్తి పట్టుకుని, సీలు చూసి, తేదీ చదివి అప్పుడు నా చేతిలో పెట్టారు. "ఇది వెయ్యొచ్చండి."

డబ్బులివ్వబోతే పెద్దావిడ, "పాపకి తగ్గేక చూద్దాంలెండి, ముందు బయల్దేరండి," అంది.

ఇంటికొచ్చేసరికి రెండు దాటింది. పాప కళ్ళు మూతలు పడుతున్నాయి, ఊపిరి గబగబా తీస్తోంది. ఆవిడే సూది వేశారు. గంటకోసారి చూస్తూ, మళ్ళీ ఎంత వెయ్యాలో డాక్టరు గారికి ఫోన్ కలిపి అడుగుతూ, చీకటి పడేదాకా మంచం పక్కనే కూర్చున్నారు. ఆరున్నరకి మిషను రెండువందల నలభై చూపించింది. పాప అన్నం అడిగింది. అప్పుడు లేచి, బురద ఆరిపోయిన చీరతో ఇంటికి వెళ్ళారు.

ఆ తర్వాత ఆవిడకి సన్మానాలేమీ జరగలేదు. గడ్డకట్టిన సరుకు కంపెనీ వెనక్కి తీసుకోదు. మస్కట్ నుంచి తెచ్చుకున్న గాజులు అమ్మి, మందుల కోసమే చేసిన ఫ్రిజ్, దానికి రెండు బ్యాటరీలు కొన్నారు. వాళ్ళాయన వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. సరుకంతా బకెట్లో పోసుకుందంట అని ఊరు మళ్ళీ నవ్వింది. నేను నోరు విప్పి జరిగింది చెప్పి ఉంటే ఆ నవ్వు ఆగేది. చెప్పాలంటే నేనన్న మాట కూడా చెప్పాలి. అందుకని ఊరుకున్నాను.

చెప్పింది ముక్తేశ్వరం పెద్దావిడ. కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పిందట. ముందు గట్టు ఊళ్ళ వాళ్ళు వచ్చారు, తర్వాత లంకల్లోంచి పడవలో గోదావరి దాటి వచ్చారు. ఆ ఏడాది చివరికి అమలాపురంలో ఒక డాక్టరు గారు ఇన్సులిన్ రాసినప్పుడల్లా, ఎక్కడ కొంటున్నారని అడిగి, ఆ షాపులో కొనమని చెప్పడం మొదలుపెట్టారు. పక్క గది కూడా ఆవిడే తీసుకున్నారు. ఇద్దరు ఫార్మసీ చదివిన అమ్మాయిలు పనిలో చేరారు. మంగళ, శుక్రవారాల్లో ఐసుపెట్టె కట్టిన స్కూటరు లంకలకి వెళ్ళేది. లారీ డ్రైవరుగారు పేపరు మానేసి, ఎవరి మందు ఎప్పుడు అయిపోతుందో లాప్‌టాప్‌లో చూసి ఫోన్లు చెయ్యడం నేర్చుకున్నాడు. సెంటర్లో అద్దాల షాపూ ఉంది, బాగానే నడుస్తోంది. రెండిటికీ జనం ఉన్నారు.

నేను ఆవిడకి క్షమాపణ చెప్పడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఎప్పుడు నోరు తెరిచినా, "పాప ఎలా ఉందండి?" అని ముందు ఆవిడే అడిగేవారు. మాట అక్కడితో మళ్ళిపోయేది. కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. అమ్మాయిలు భోజనానికి వెళ్ళారు. ఈసారి ఆగకుండా చెప్పేశాను. ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సిందండి, అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నేనూ మీకొకటి చెప్పాలండి మాస్టారు," అన్నారు. "ఆ రోజు నాకూ నమ్మకం లేదండి."

నాకు అర్థం కాలేదు.

"ఆ డబ్బా అప్పటికి కొత్తది. తప్పు చూపిస్తోందేమో అనుకున్నాను. సీసాలు చూస్తే బాగానే ఉన్నాయి. ఈయన ఇచ్చెయ్యమంటున్నారు. మీరు పాప పేరు చెప్పి అడుగుతున్నారు. ఇంకొక్క నిమిషం అవి నా ఎదురుగా ఉంటే ఇచ్చేసేదాన్నండి. అందుకే పారబోసేసేను."

"మరి, డబ్బా చెప్పింది..."

"నిజమేనండి. వారం తర్వాత అమ్మినవాళ్ళు వచ్చి పరీక్ష చేసి చెప్పేరు, సరిగ్గానే ఉందని. ఆ వారం రోజులూ నాకు అన్నం సయించలేదు. మంచి మందే పారబోసేనేమో, ఆ పెద్దావిడ ఫోన్ తియ్యకపోయుంటే పాప ఏమయ్యేదో అని. ఆయన కోపం మీద మాట్లాడ్డం లేదనుకున్నారు గానీ, నేనే ఆయనతో మాట్లాడలేదండి. మాట్లాడితే ఇదే చెప్పాల్సొస్తాదని."

నేను ఆ రోజు ఆ చీకటి గదిలో భయపడుతున్నది నేనొక్కడినే అనుకున్నాను. ఆ దారంతా ఫ్లాస్కు పట్టుకుని, తన గురించి ఒక్క మాట చెప్పకుండా నా వెంట వచ్చిన మనిషి ఎంత భయం మోసుకుంటూ వచ్చిందో నాకప్పుడు తెలిసింది. ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని, అమ్మాయిలు భోజనం చేసి వచ్చేదాకా ఆవిడ పక్కన ఊరికే కూర్చున్నాను.